పదిమందీ ఒక్కొక్కరుగానే ఎందుకొస్తారు? ప్రేక్షకుల ఫిర్యాదులపై చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. సినిమాల్లో ‘ఇది నమ్మేలా లేదు’ అంటూ ప్రేక్షకులు మళ్లీ మళ్లీ పంపే ఫిర్యాదులు కొన్ని తీసుకున్నాం. జవాబు చెప్పడానికి ఒక ఫైట్ మాస్టర్, ఒక ఎడిటర్, ఒక సౌండ్ డిజైనర్, సంభాషణల రచయిత్రి ఒకరు మనతో ఉన్నారు. మొదటి ప్రశ్న మీకే, మాస్టర్ గారూ. హీరో చుట్టూ పదిమంది ఉంటారు. ఒక్కొక్కరే వచ్చి తన్నులు తిని పోతారు. మిగతా తొమ్మిది మంది అప్పటిదాకా ఏం చేస్తుంటారు?

ఫైట్ మాస్టర్: ఆ తొమ్మిది మందికీ పని ఇవ్వకపోవడమే తప్పండి. ఒక్కొక్కరుగా రావడం మాత్రం తప్పదు. ముగ్గురు ఒకేసారి మీద పడితే ఎవరి చెయ్యి ఎక్కడ తగిలిందో తెర మీద అర్థం కాదు, ఫైటర్లకీ దెబ్బలు తగులుతాయి. వరస ఉండాల్సిందే, కాకపోతే ఆ వరసకి కారణం కళ్లకి కనబడాలి. ఇరుకు సందులో పెట్టండి, ఇద్దరు పక్కపక్కన పట్టరు కాబట్టి ఎవరూ ప్రశ్న అడగరు. మెట్లు, గోడౌన్‌లో బస్తాల మధ్య దారి, బస్సు లోపల సీట్ల మధ్య, ఇవన్నీ అందుకే ఎంచుకుంటాం.

వ్యాఖ్యాత: ఖాళీ మైదానంలో అయితే?

ఫైట్ మాస్టర్: అక్కడ కష్టం. ఒకడు కొట్టే దూరంలో ఉంటాడు, ఒకడు వస్తుంటాడు, ఇద్దరు కింద నుంచి లేస్తుంటారు. ఏ క్షణంలో చూసినా ఈ నలుగురికీ పని ఉండాలి. మొదటివాడు పడేటప్పుడు రెండోవాడి కాళ్లకి అడ్డం పడాలి. మూడోవాడి కర్ర బండి చక్రంలో ఇరుక్కోవాలి. మిగతావాళ్లని ఫ్రేమ్ బయట ఉంచాలి. ఎక్కడ చెడుతుందంటే, వైడ్ షాట్‌లో వెనకవాడు తన వంతు కోసం కత్తి ఊపుతూ ఉన్నచోటే గెంతుతుంటాడు. అందుకని రిహార్సల్‌లో ఒక రౌండు హీరోని అసలు చూడకుండా, వెనక నిలబడ్డవాళ్లని మాత్రమే చూస్తూ వేయించాలి. దొరికిపోయేవాడు అప్పుడే దొరుకుతాడు.

వ్యాఖ్యాత: గుద్దు తగల్లేదని తెలిసిపోతోంది, అంటున్నారు ఇంకొకరు. ఎడిటర్ గారూ?

ఎడిటర్: చెయ్యి ముఖానికి అడుగు దూరంలోనే పోతుంది. ఆ ఖాళీని దాచే బాధ్యత కెమెరాది. కొట్టేవాడి భుజం మీదుగానో, దెబ్బ తినేవాడి తల వెనక నుంచో చూస్తే పిడికిలీ ముఖమూ ఒకే గీత మీదికి వస్తాయి, ఖాళీ కనబడదు. దూరం నుంచి లాంగ్ లెన్స్‌తో తీస్తే రెండూ ఇంకా దగ్గరగా ఉన్నట్టు అనిపిస్తాయి. పక్క నుంచి తీశారా, ఇక టేబుల్ మీద నేను చేసేదేం ఉండదు. రెండోది దెబ్బ తినేవాడు తల తిప్పడం. సెకనుకు 24 ఫ్రేములు కదా, పిడికిలి దాటాక నాలుగు ఫ్రేములు ఆగి తల తిప్పితే సెకనులో ఆరోవంతు ఆలస్యం. అది కంటికి చిక్కుతుంది. అలాంటప్పుడు పిడికిలి ముఖం దాటే చోట రెండు మూడు ఫ్రేములు తీసేసి, తల కదలడం మొదలైన ఫ్రేములోకి కట్ చేస్తాం. వేగం పెరిగినట్టు ఉంటుంది, తప్పూ పోతుంది.

సౌండ్ డిజైనర్: మిగతా సగం మా దగ్గర కుదరాలి. నిజం గుద్దుకి పెద్ద చప్పుడు ఉండదు. మెత్తటి ‘ధబ్’, అంతే. మేం మూడు పొరలు వేస్తాం. చెయ్యి గాలిని కోసే చప్పుడు, బరువు కోసం అడుగున ఒక దిమ్మ శబ్దం, పైన ఒక చురుకైన చప్పట్లాంటిది. దాన్ని ఏ ఫ్రేము మీద పెట్టాలన్నది అసలు పని. వెలుగు ముందు, శబ్దం తర్వాత చేరడం మన చెవికి పుట్టుకతో అలవాటు. బొమ్మ కంటే శబ్దం ముందు పడితే 45 మిల్లీ సెకన్లకే పట్టేస్తాం, వెనక పడితే 125 దాకా పట్టించుకోం. టీవీ ప్రసారాలకి అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంస్థ ఇచ్చిన లెక్క అది. సినిమా లెక్కలో ఒక ఫ్రేము ముందుకి, మూడు ఫ్రేములు వెనక్కి. కాబట్టి దెబ్బ చప్పుడు అనుమానంగా ఉంటే ఒక ఫ్రేము ఆలస్యంగానే పెట్టాలి, ముందుగా కాదు.

వ్యాఖ్యాత: ఇది డబ్బింగ్ సినిమాలకీ వర్తిస్తుందా? ‘పెదాలు ఒకటి చెబుతాయి, మాట ఇంకొకటి వినబడుతుంది’ అన్న ఫిర్యాదు ఎక్కువ.

రచయిత్రి: వర్తిస్తుంది, కానీ అక్కడ తప్పు ఎక్కువగా కాగితం మీదే జరుగుతుంది. ప, ఫ, బ, భ, మ. ఈ అయిదింటికీ పెదాలు పూర్తిగా మూసుకుంటాయి. మిగతా అక్షరాలు కాస్త అటూ ఇటూ అయినా జనం ఓర్చుకుంటారు, ఇవి తప్పితే ఓర్చుకోరు. తెర మీద పెదాలు మూసుకున్న చోట ‘వెళ్లు’ అని రాస్తే కుదరదు, ‘పో’ అంటే కుదురుతుంది. ‘చాలు’ కుదరని చోట ‘ఆపు’ కుదురుతుంది. నోరు బాగా తెరుచుకున్న చోట ‘ఆ’కారం పడాలి. ముందు క్లోజప్పులన్నీ వేరు చేసుకుని, శబ్దం ఆపి చూస్తూ, పెదాలు మూసుకున్న ప్రతి చోటా ఒక చుక్క పెట్టుకోవాలి. ఆ చుక్కల దగ్గర పవర్గం అక్షరం వచ్చేలా వాక్యం తిప్పాలి. మిడ్ షాట్లలో వాక్యం మొదలూ చివరా కలిస్తే చాలు. వీపు కనబడే షాట్లలో పూర్తి స్వేచ్ఛ. అక్కడ మంచి తెలుగు రాసుకోవచ్చు.

సౌండ్ డిజైనర్: అలా రాయకపోతే చివరికి భారం మా మీద పడుతుంది. మాటని సాగదీస్తాం, కుదిస్తాం. పది శాతం దాటితే గొంతు మనిషి గొంతులా ఉండదు.

వ్యాఖ్యాత: ఇక అందరూ ఎదురుచూసేది. తూటా తగిలితే మనిషి వెనక్కి ఎగిరిపోతాడు, హీరో తంతే జీపు మీద పడతాడు. లెక్కప్రకారం సాధ్యమేనా?

ఫైట్ మాస్టర్: కాదు. ఎనిమిది గ్రాముల తూటా సెకనుకు 360 మీటర్ల వేగంతో తగిలి ఒంట్లోనే ఆగిపోయిందనుకోండి. 70 కిలోల మనిషికి దానివల్ల వచ్చే వేగం సెకనుకు నాలుగు సెంటీమీటర్లు. అంటే మనిషి ఉన్నచోటే కుప్పకూలతాడు. పైగా తగిలినవాడు ఎగిరితే, కాల్చినవాడూ అదే జోరుతో వెనక్కి ఎగరాలి కదా! తెర మీద కనబడేది నడుముకి కట్టిన బెల్టు, దాని వెనక వైరు.

కానీ ప్రేక్షకుడు విసుక్కునేది ఎగిరినందుకు కాదు, తప్పుగా ఎగిరినందుకు. మూడు మీటర్ల ఎత్తుకి లేచినవాడు పైకి చేరడానికి సెకనులో ముప్పాతిక పైచిలుకు పడుతుంది, దిగడానికీ అంతే. పైకి పోతున్నకొద్దీ నెమ్మదించాలి, కొసన క్షణం ఆగినట్టు ఉండాలి, దిగేటప్పుడు వేగం పెరగాలి. చిన్నప్పటి నుంచీ బంతులు ఎగరేసి చూసినవాళ్లం, ఇది మన కంటికి తెలుసు. వైరు లాగేవాళ్లు మొదటి నుంచి చివరిదాకా ఒకే జోరుతో లాగితే కొసన నెమ్మదించడం ఉండదు, తోలుబొమ్మ లేచినట్టు లేస్తాడు. రెండో తప్పు నడుము. వైరు కట్టిన చోటు నుంచే ఒళ్లంతా లేస్తుంది, చేతులూ కాళ్లూ వేలాడతాయి. తన్ను తగిలింది ఛాతీకైతే ముందు ఛాతీ వెనక్కి పోవాలి, తల, చేతులు ఆ తర్వాత రావాలి. మూడోది దిగడం. మోకాళ్లు వంగకుండా దిగాడంటే బరువు లేనట్టే.

ఎడిటర్: స్లో మోషన్ ఎక్కువ వాడేది అందుకే. 96 ఫ్రేములతో తీసి 24తో చూపిస్తే కాలం నాలుగింతలు సాగుతుంది, కంటికి ఆ లెక్క దొరకదు. కాకపోతే ప్రతి తన్నుకీ వాడితే దానికి విలువ పోతుంది.

వ్యాఖ్యాత: ఇన్ని అబద్ధాలు ఒప్పుకుంటున్నారు. మరి ప్రేక్షకుడు కొన్నిటికి ఈల వేసి, కొన్నిటికి లేచి వెళ్లిపోతాడేం?

రచయిత్రి: అసలు విషయం అక్కడే ఉంది. భరతుడి నాట్యశాస్త్రం రెండు ధర్మాలు చెబుతుంది. లోకంలో ఎలా ఉంటుందో అలా చూపిస్తే లోకధర్మి, రంగస్థలం ఒప్పందంతో చూపిస్తే నాట్యధర్మి. సంస్కృత నాటకంలో జనాంతికం అని ఉంది. ఉంగరం వేలు మడిచి త్రిపతాక హస్తం అడ్డం పెట్టుకుని ఒక పాత్ర ఇంకో పాత్రతో మాట్లాడితే, ప్రేక్షకులందరికీ వినబడుతుంది, పక్కనే ఉన్న మూడో పాత్రకి వినబడదు. ఎవరూ అభ్యంతరం చెప్పరు. పద్యనాటకంలో యుద్ధం మధ్యలో రాగం తీస్తే ‘వన్స్ మోర్’ అన్నవాళ్లం మనం. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద నుంచీ పాట కథలోకి వచ్చింది ఆ దారినే. కాబట్టి పాట మధ్యలో చీర మారింది, దేశం మారింది అన్న ఫిర్యాదుకి నా జవాబు సూటిగా ఉంటుంది. అది ఒప్పందం, లోపం కాదు.

లోపం ఏదంటే ఒప్పందం తప్పడం. మొదటి పావుగంటలో సినిమా తన నియమం చెప్పేస్తుంది. ఈ హీరో ముప్ఫై మందిని కొట్టగలడు అని చూపించారు, మేం ఒప్పుకున్నాం. విశ్రాంతి తర్వాత హీరోయిన్‌ని ఇద్దరు లాక్కెళుతుంటే అదే హీరో చేతులు కట్టేసినట్టు నిలబడ్డాడు. ప్రేక్షకుడు లేచి వెళ్లేది ఇక్కడ. అతను ‘లాజిక్ లేదు’ అనే మాట వాడతాడు గానీ అతను అడిగేది ఫిజిక్స్ కాదు, మాట నిలబెట్టుకోమని.

వ్యాఖ్యాత: యాదృచ్ఛికాల సంగతో? సరిగ్గా అదే సమయానికి అదే బస్సు ఎక్కడం?

రచయిత్రి: హీరోని చిక్కులో పడేసే యాదృచ్ఛికాన్ని జనం ఒప్పుకుంటారు, చిక్కు నుంచి బయటపడేసేదాన్ని ఒప్పుకోరు. బయటపడే సాధనం ముందే కథలో నాటి ఉండాలి. నాటిన సీనులో దానికి ఇంకో పని ఉండాలి. క్లైమాక్స్‌లో హీరోయిన్ ఈత రావడం వల్ల బతకాలంటే, ముందు ‘నాకు ఈత వచ్చు’ అని చెప్పిస్తే అందరూ పసిగట్టేస్తారు. చెరువులో పడిన చెల్లెలి బిందె తీసి ఇస్తూ పెళ్లి సంగతి మాట్లాడితే జనం పెళ్లి సంగతే వింటారు, ఈత మాత్రం మనసులో ఉండిపోతుంది.

వ్యాఖ్యాత: ‘ఒక్క ఫోన్ చేస్తే తీరిపోయేదానికి రెండు గంటలా’ అని ఒక ప్రశ్న.

రచయిత్రి: న్యాయమైన ఫిర్యాదు. సిగ్నల్ లేదు, ఛార్జింగ్ అయిపోయింది అనడం ఇక చెల్లదు. స్క్రిప్టుకి ఒక పరీక్ష పెట్టుకోవాలి. ఫోన్ చేతిలో ఉంది, అవతలివాళ్లు ఎత్తారు. అప్పుడు కూడా ఈ పాత్ర నిజం చెప్పదు అంటే ఆ అపార్థం నిలుస్తుంది. పరువు కోసమో, ఇచ్చిన మాట కోసమో, భయంతోనో చెప్పకుండా ఉండాలి. చెప్పేస్తుంది అంటే కథే మార్చాలి.

వ్యాఖ్యాత: సైలెన్సర్ పెట్టిన తుపాకీ ‘తుస్’మనడం?

సౌండ్ డిజైనర్: పిస్టల్ చప్పుడు దగ్గర్లో 160 డెసిబెల్స్ దాకా ఉంటుంది. సైలెన్సర్ తగ్గించేది సుమారు 20 నుంచి 35. మిగిలేది పక్క గదికి బాగానే వినబడుతుంది. అయినా నేను ‘తుస్’ ఉంచుతాను. ఎవరికీ తెలియకుండా చంపాడు అన్న సంగతి అర చిటికెలో చెబుతుంది.

ఎడిటర్: నేను ఒప్పుకోను. పక్క గదిలో కాపలావాడు ఉన్న సీనులో నిజం చప్పుడు పెడితే ఉత్కంఠ పెరుగుతుంది. అలవాటైన శబ్దం వేసి ఆ అవకాశం పోగొట్టుకుంటున్నాం.

వ్యాఖ్యాత: వైద్యుల నుంచి వచ్చిన ఫిర్యాదు ఇది. మానిటర్ మీద గీత చదునుగా పోతుంది, వెంటనే షాక్ ఇస్తారు, మనిషి లేచి కూర్చుంటాడు.

రచయిత్రి: దీన్ని నాట్యధర్మి అని సమర్థించుకోకూడదు, గట్టిగా చెబుతున్నాను. పాట చూసి ఎవరూ స్విట్జర్లాండ్‌కి ఎగిరిపోరు, కానీ ఆసుపత్రి సీను చూసి జనం నేర్చుకుంటారు. గీత చదునైతే షాక్ పనిచేయదు. గుండె గతి తప్పి గిలగిలలాడే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ లాంటి స్థితులకే షాక్ ఇచ్చే యంత్రం, డీఫిబ్రిలేటర్. చదునైన గీతకి చేసేది ఛాతీ నొక్కడం, అడ్రినలిన్ ఇవ్వడం. తెర మీద గజిబిజి గీత చూపిస్తే చాలు, షాక్ నిజమైపోతుంది. రూపాయి ఖర్చు లేని దిద్దుబాటు.

ఫైట్ మాస్టర్: నటుడి మీద నిజంగా నొక్కకూడదు. పెద్దవాళ్లకి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అయిదారు సెంటీమీటర్ల లోతు నొక్కాలి, పక్కటెముకలు విరగొచ్చు. అందుకే మోచేతులు వంచి నటిస్తారు, అది అబద్ధమని తెలిసిపోతుంది. ఫ్రేము నొక్కేవాడి భుజాల దగ్గర కట్ చేసి, కింద శిక్షణ బొమ్మ పెట్టండి. మోచేతులు తిన్నగా ఉంటాయి.

వ్యాఖ్యాత: కోర్టు సీన్లు?

రచయిత్రి: అక్కడా అంతే. మన కోర్టుల్లో సాక్షి భగవద్గీత మీద చెయ్యి వేయడు. 1969 ప్రమాణాల చట్టం ప్రకారం దేవుడి సాక్షిగా అనో, ఆత్మసాక్షిగా అనో నోటితో చెబుతాడు. జడ్జి చెక్క సుత్తి కొట్టడు. యావజ్జీవం అంటే 14 ఏళ్లు కాదు, జీవితాంతం. ఉరిశిక్ష పడగల నేరానికి యావజ్జీవం పడితే, 14 ఏళ్లు గడిచేదాకా శిక్ష తగ్గించి విడుదల చేయడానికి వీల్లేదు, అంతే. సెషన్స్ కోర్టు వేసిన ఉరిని హైకోర్టు ఖాయం చేయాలి. ఆ రెండో మెట్టు వదిలేసి ఎన్ని మంచి సీన్లు పోగొట్టుకుంటున్నామో!

వ్యాఖ్యాత: చివరిది చిన్నది. ఊరు వదిలి పోయే కోడలు సూట్‌కేసు దూదిలా ఎత్తేస్తుంది.

ఎడిటర్: ఆర్ట్ విభాగం పాత పేపర్లు ఎనిమిది కిలోలు నింపాలి, టేకుల మధ్య అసిస్టెంట్ మోయాలి. కాఫీ కప్పులో నీళ్లు ముప్పావు వంతు పోయాలి, ఖాళీ కప్పుని మనిషి ఎప్పుడూ బరువున్నట్టు పట్టుకోలేడు. ప్రతి టేకుకీ నీళ్లు ఎంతవరకు ఉన్నాయో ఫొటో తీసి పెట్టుకోవాలి. లేకపోతే ఒక కట్‌లో నిండు కప్పు, తర్వాతి కట్‌లో సగం కప్పు నా టేబుల్ మీదికి వస్తాయి. అప్పుడు మంచి నటన ఉన్న టేకు వదిలేసి, కప్పు కలిసిన టేకు వాడాల్సి వస్తుంది.