పాల లెక్క పక్కన నిద్ర లెక్క

శ్రోతలకు నమస్కారం.

మా చిన్నప్పుడు విశాఖలో ఎవరైనా కాస్త తేడాగా మాట్లాడితే, ‘వీణ్ణి వాల్తేరు పంపాలి’ అనేవారు. అక్కడి మానసిక వైద్యశాల అలా తిట్టయి కూర్చుంది. మా చిన్నాన్ననీ అన్నారు. ఓ మార్చిలో ఆయన నాలుగు రాత్రులు కన్నుమూయలేదు. అలసటే లేదు. తెల్లారేసరికి పూర్ణా మార్కెట్ నుంచి రిక్షాడు కొబ్బరికాయలు దింపించి, హోల్‌సేల్ వ్యాపారమన్నారు. రెండు నెలలకి అదే మనిషి గోడవైపు తిరిగి పడుకుని, పిన్ని కలిపిన ముద్ద ముట్టలేదు. మొదటిదాన్ని గాలి సోకడమన్నారు, రెండోదాన్ని బద్ధకమన్నారు.

రెండూ ఒకే జబ్బని, ఇప్పుడు మనం బైపోలార్ అంటున్న జబ్బేనని, ఫ్రాన్సులో ఫాల్రే అనే వైద్యుడు 1850ల్లోనే గుర్తించాడు. ఇది విడతలుగా వచ్చిపోతుందనీ, మధ్యలో మనిషి మామూలుగానే ఉంటాడనీ జర్మనీలో క్రేపెలిన్ 1899లో తేల్చాడు. నా మట్టుకు ఆ ‘మధ్యలో’ అన్నదే అసలు మాట. చిన్నాన్న ఏడాదిలో ఎక్కువ రోజులు లెక్క తప్పని గుమాస్తా. ‘మేనిక్ డిప్రెసివ్’ (ఉద్రేకం, దిగులు) అన్న పాత పేరు పోయి ‘బైపోలార్’ అన్న పేరు 1980లో అమెరికన్ మానసిక వైద్యుల జబ్బుల పట్టికలోకి వచ్చింది. హుషారు మరీ శ్రుతిమించని రకాన్నీ తర్వాత అందులో చేర్చారు. ఇదే ఎక్కువగా ఉత్త డిప్రెషన్‌లా కనిపించి మోసం చేస్తుంది. డిప్రెషన్ మాత్రలు మాత్రమే వాడితే కొందరికి ఉద్రేకం ఎగదన్నుతుంది.

మందుల్లో లిథియం కథ వేరు. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ దాన్ని ఈ జబ్బుకి వాడి చూశాడు. అది ఉప్పు జాతి పదార్థం. చెమటతో ఒంట్లో ఉప్పూ నీరూ పోతే, మూత్రపిండాలు లిథియాన్ని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతాయి, అది ఒంట్లో మోతాదు మించుతుంది. మన మే నెల ఉక్కపోత తెలిసిందేగా! లిథియం వాడేవాళ్ళు బీపీ అని ఒక్కసారిగా ఉప్పు మానేసినా, మోకాళ్ళ నొప్పికని సొంతంగా డైక్లోఫెనాక్ వేసుకున్నా ప్రమాదమే. చేతులు బాగా వణికినా, వాంతులైనా, నడక తూలినా వెంటనే డాక్టరుకి చూపించి రక్తపరీక్ష చేయించాలి. వాల్‌ప్రోయేట్, క్వెటియాపిన్ లాంటివీ ఉన్నాయి. గర్భిణికి వాల్‌ప్రోయేట్ పడితే బిడ్డకు ముప్పు, డాక్టరుకి ముందే చెప్పండి.

మానసిక రోగుల్ని గొలుసులతో కట్టేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. ఇంట్లో ఎవరికైనా టెన్షన్‌గా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయొచ్చు, ఉచితం.

మా పిన్ని ఏ పుస్తకమూ చదవలేదు. పాలవాడి లెక్క రాసే క్యాలెండర్‌లోనే చిన్నాన్న నిద్ర గంటలూ రాసేది. వరసగా రెండు రాత్రులు ‘4’ పడిందంటే, మూడో రోజు పొద్దున్నే ఆయన్ని వెంటబెట్టుకుని ఓపీ క్యూలో నిలబడేది.