"బావుందమ్మా" అని ఊరుకుంటే ఏం పోతుంది?

[నేరుగా కెమెరా వైపు చూస్తూ]

చిన్న చిన్న ఆనందాలు వెతుక్కోండి, రోజు బాగుంటుంది. ఈ సలహా మీకు ఎన్నిసార్లు వినపడిందో అడగను. సలహా మంచిదే, నాకు దానితో పేచీ లేదు. అందులో సగం మాటే ఉందనేదే నా బాధ. ఒక మనిషి ఆ చిన్న ఆనందాన్ని వెతికి, దొరకబుచ్చుకుని, గబగబా మన దగ్గరికి తెచ్చి చెప్పినప్పుడు మనం ఏం చేయాలి? ఆ ఊసు ఎవరూ ఎత్తరు. ఎంతసేపూ కష్టంలో ఉన్నవాళ్ల మాట వినండి, ఓదార్చండి, తోడుండండి అనే. ఓదార్చడం మనకు కొద్దో గొప్పో వచ్చు. సంతోషం చెప్పుకోవడానికి వచ్చిన మనిషి ముందే మనం తెల్లమొహం వేస్తాం.

ఒక ఉదాహరణ పట్టుకుందాం. వీడియో అంతా దీన్నే సాగదీస్తాను, విసుక్కోకండి.

ఒకావిడ తన గులాబీ మొక్క ఎండిపోయిందనే అనుకుంది. అయినా పీకేయడానికి మనసొప్పలేదు. ఎండు కొమ్మలు కత్తిరించి, కుండీని ఎండ తగిలే మూలకు జరిపి, రోజూ ఓ చెంబెడు నీళ్లు పోస్తూ వచ్చింది. ఒక పొద్దున చూస్తే మిగిలిన ఒక్క కొమ్మకు మొగ్గ! చేతిలో చెంబు అలాగే పట్టుకుని కొడుకు గదిలోకి వచ్చింది.

"ఒరేయ్ చిన్నా, గులాబీకి మొగ్గొచ్చిందిరా!"

వాడు మంచం మీద పడుకుని ఫోన్ చూస్తున్నాడు. "బావుందమ్మా" అన్నాడు. బొటనవేలు మాత్రం ఆగలేదు, స్క్రీన్‌ను పైకి తోస్తూనే ఉంది. ఆవిడ గుమ్మంలో ఇంకో రెండు క్షణాలు నిలబడింది. వంగిన చెంబులోంచి నాలుగు చుక్కలు నేల మీద పడ్డాయి. "సరేలే, నీ పని చూసుకో" అని వెళ్లిపోయింది.

ఇప్పుడు చెప్పండి, వాడు చేసిన తప్పేంటి? కసురుకున్నాడా? వెక్కిరించాడా? పైగా బావుందనే అన్నాడు. మర్యాదగానే ఉంది కదా! అదిగో, ఆ "మర్యాదగానే ఉంది కదా" అనే మాటతోనే ఇవాళ నా పోట్లాట.

[స్క్రీన్ మీద నాలుగు గళ్లు]

షెల్లీ గేబుల్ అని అమెరికాలో ఒక మనస్తత్వ శాస్త్రవేత్త ఉన్నారు. 2004లో ఆవిడా, ఆవిడ సహ పరిశోధకులూ కలిసి ఒక పరిశోధన ప్రచురించారు. మంచి వార్త చెప్పినప్పుడు ఎదుటివాళ్లు ఎలా స్పందిస్తారు అన్నది విషయం. వాళ్లు చూసింది రెండే. ఒకటి, విన్న మనిషి చురుగ్గా పట్టించుకున్నాడా, ముక్తసరిగా వదిలేశాడా? రెండు, ఆ స్పందన సంతోషాన్ని పెంచేదా, తుంచేదా? రెండూ కలిపితే నాలుగు గళ్లు వస్తాయి.

మన మొగ్గను ఒక్కో గడిలోనూ పెట్టి చూద్దాం.

మొదటి గడిలో కొడుకు లేచి కూర్చుంటాడు. "ఏదీ? ఆ ఎండిపోయిందన్న మొక్కకేనా? ఏం చేశావమ్మా దానికి?" అంటాడు. ఆవిడ కొమ్మలు కత్తిరించిన సంగతి, కుండీ జరిపిన సంగతి, మొన్న చిన్న ఎర్ర చిగురు కనిపించినా నమ్మకం కుదరక ఎవరికీ చెప్పని సంగతి, అన్నీ బయటికొస్తాయి. ఆ చివరిది గమనించారా? అడిగితే తప్ప బయటికి రాని మాట అది.

దాని ఎదురు గడి మీకు బాగా తెలిసినదే. "ఒక్క మొగ్గకే ఇంత హడావిడా? రేపు పురుగు పట్టిందంటే అదీ పోతుంది చూస్కో." ఇలాంటివాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. తాము జాగ్రత్త చెబుతున్నామనుకుంటారు పాపం. పురుగు సంగతి రేపు చెప్పొచ్చు కదండీ, మొగ్గ వచ్చింది ఇవాళ!

మూడోది, అసలు విననట్టే ఉండటం. "అమ్మా, కరెంటు బిల్లు కట్టావా?" లేదంటే "మా ఫ్రెండు వాళ్లింట్లో అయితే కుండీకి పది పూశాయి" అని సంభాషణను తనవైపు లాక్కోవడం. ఇందులో అరుపులు ఉండవు, తిట్లు ఉండవు, మొగ్గ మాత్రం మాయమైపోతుంది.

మిగిలిన నాలుగో గడి మన వాడిది. బావుందమ్మా.

మీరైతే దీన్ని ఎక్కడ పెడతారు? మంచికీ చెడుకీ మధ్యలో, లాభం లేకపోయినా నష్టం లేని చోట. నేనూ అక్కడే పెట్టేవాణ్ణి. గేబుల్ వాళ్ల పరిశోధనలో మాత్రం మొదటి గడి ఒక్కటే మంచి అనుబంధంతో కలిసి నడిచింది. మిగతా మూడూ, మన మర్యాదస్తుడి "బావుందమ్మా"తో సహా, అనుబంధం పలచబడటంతో ముడిపడి కనిపించాయి. అంటే భాగస్వామి తన మంచి వార్తలకు ముక్తసరిగా సరే అంటారని చెప్పినవాళ్లు తమ బంధం గురించి తక్కువ తృప్తితో ఉన్నారన్నమాట.

ఇక్కడ మీలో కొందరు చెయ్యెత్తుతారు, నాకు తెలుసు. బంధం బాగుంది కాబట్టి బాగా స్పందిస్తున్నారేమో, తిరగేసి చూస్తున్నావేమో అని. న్యాయమైన ప్రశ్న. అందుకే 2010లో హ్యారీ రైస్ బృందం చేసినది ముఖ్యం. వాళ్లు ప్రయోగాలు కూడా చేశారు. ముందు పరిచయం లేని మనిషికి మంచి వార్త చెప్పినా సరే, ఆ మనిషి ఉత్సాహంగా వింటే, చెప్పినవాళ్లకు ఆ సంఘటనే అంతకుముందు కంటే విలువైనదిగా తోచింది. ఎదుటి మనిషి మీద నమ్మకమూ పెరిగింది.

ఒక్క నిమిషం ఇక్కడ ఆగుదాం, నాకు ఈ మొత్తంలో బాగా నచ్చిన చోటు ఇదే. మొగ్గ అదే మొగ్గ. రేకు పెరగలేదు, రంగు మారలేదు. వినే మనిషి మారాడంతే, ఆవిడకు దాని విలువ పెరిగింది. మన చిన్న ఆనందాల విలువ మన చేతిలోనే ఉంటుందనుకుంటాం. ఎదుటివాళ్లు ఏమన్నా పట్టించుకోకూడదు అని గంభీరంగా చెబుతాం కూడా. అలా పట్టించుకోకుండా ఉండగలిగినవాళ్లు ఎందరో నాకైతే అనుమానమే. ఆవిడ గుమ్మంలో నిలబడిన ఆ రెండు క్షణాలు దేనికోసం మరి?

సరే, ఇంకో మెట్టు ఎక్కుదాం. కష్టంలో తోడుండటం గొప్పా, సంతోషంలో తోడుండటం గొప్పా? 2006లో గేబుల్ బృందమే 79 ప్రేమ జంటలను పిలిచి కూర్చోబెట్టింది. ఒకరి తర్వాత ఒకరు ఈమధ్య జరిగిన ఒక మంచీ, ఒక చెడూ చెప్పుకోవాలి. అంతా వీడియో తీశారు. రెండు నెలల తర్వాత మళ్లీ ఆరా తీశారు. కొన్ని జంటలు అప్పటికే విడిపోయాయి. ఎవరి బంధం ఎలా ఉందో తెలుసుకోవడానికి, చెడు చెప్పినప్పుడు వచ్చిన స్పందన కంటే మంచి చెప్పినప్పుడు వచ్చిన స్పందనే ఎక్కువ ఆధారంగా నిలిచింది.

వినగానే ఎబ్బెట్టుగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఓదార్పు అందుకునే వైపు నుంచి ఆలోచించండి. సాయం పుచ్చుకోవడంలో చిన్న ముల్లు ఉంటుంది. నా వల్ల కాలేదు, వాళ్లు ఆదుకోవాల్సి వచ్చింది అనే చిన్నతనం. 2000లో నియాల్ బోల్గర్ బృందం న్యాయవాద పరీక్షకు చదువుతున్నవాళ్లనూ వాళ్ల భాగస్వాములనూ రోజూ డైరీ రాయమని గమనించింది. తమకు అందినట్టు తెలియని సాయమే వాళ్ల ఒత్తిడిని బాగా తగ్గించింది. అందినట్టు తెలిసిన సాయం మనసు మీద కొంత భారమే వేసింది. సంతోషాన్ని పంచుకోవడంలో ఆ చిన్నతనం లేదు. మొగ్గ తెచ్చిన ఆవిడకు మన జాలి అక్కర్లేదు, కాసేపు ఆవిడతో పాటు ఆ మొగ్గను చూడాలంతే.

ఇప్పుడు రాబోయే ప్రశ్న: "అంటే నటించమంటావా? నాకు మొక్కలంటే పడదు, ఎగిరి గంతెయ్యనా?"

వద్దు బాబూ. గంతులేసే నటనను అమ్మలు క్షణంలో పట్టేస్తారు. ఉత్సాహం అంటే గొంతు పెంచడమని ఎవరు చెప్పారో గానీ, ఆ అపోహ నెమ్మదస్తుల్ని అన్యాయంగా దోషుల్ని చేసింది. మాట తక్కువైన మనిషి కూడా ఫోన్ పక్కన పెట్టి ఒక ప్రశ్న అడగగలడు. పొగడ్త కంటే ప్రశ్న మేలు అని నా అభిప్రాయం. "సూపర్ అమ్మా!" అంటే ఆవిడ ఇంకేం మాట్లాడాలి? థాంక్స్ అనాలి, అంతటితో కథ కంచికి. "ఎప్పుడు చూశావు?" అంటే పొద్దున్నుంచీ జరిగిందంతా చెప్పే వీలుంది. మీకు గులాబీల మీద ఆసక్తి లేకపోవచ్చు. ఆవిడ మీద ఉంటుంది కదా, ఆ ప్రశ్న అక్కడి నుంచి వస్తే చాలు.

ఫోన్లో పంపే బొటనవేలు బొమ్మ గురించి కూడా ఒక మాట. మీటింగుకు వస్తున్నావా అంటే ఆ బొమ్మ పెట్టండి, తప్పు లేదు. ఆవిడ మొగ్గ ఫొటో తీసి, మసకగా వస్తే మళ్లీ తీసి పంపితే దానికీ అదే బొమ్మా? అది రసీదు ఇచ్చినట్టు ఉంటుంది, చెబుతున్నాను.

[గడియారం వైపు చూసి]

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా.

చెప్పేవాళ్ల వైపు నుంచి: చెబితే ఎబ్బెట్టుగా ఉంటుందేమో అని మానేస్తున్నారా? 2018లో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ కొందరి చేత కృతజ్ఞత లేఖలు రాయించారు. అందుకున్నవాళ్లు ఇబ్బంది పడతారని రాసినవాళ్లు ఎక్కువగా ఊహించుకున్నారు, వాళ్లకు కలిగే సంతోషాన్ని తక్కువగా అంచనా వేశారు. కాబట్టి ఆ మొక్క అంటు మీకు ఇచ్చినవాళ్లెవరైనా ఉంటే, మొగ్గ సంగతి వాళ్లకూ చెప్పండి.

ముక్కూ మొహం తెలియనివాళ్లతో మాట్లాడే విషయంలోనూ దాదాపు ఇదే లెక్క. 2014లో ఎప్లీ, జూలియానా ష్రోడర్ షికాగోలో రైలెక్కేవాళ్లలో కొందరిని పక్క సీటు మనిషితో మాట కలపమన్నారు. మౌనంగా వెళితేనే హాయిగా ఉంటుందని జనం ఊహించారు. తీరా చూస్తే మాట కలిపినవాళ్లే ప్రయాణం బాగా గడిచిందన్నారు. అలాగని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకున్న మనిషిని తట్టి లేపకండి, దండం పెడతాను.

చివరిది. నిజంగానే పనిలో మునిగి ఉన్నప్పుడు ఏం చేయాలి? ఇందాకటి గళ్లలో దీనికి చోటు లేదు గానీ, నేను చేసేది చెబుతాను. పని సగంలో ఉందని ఉన్నమాట చెప్పేస్తాను, ఎప్పుడు వింటానో కూడా చెబుతాను. "ఇది ఐదింటికల్లా పంపాలమ్మా, పంపగానే వస్తా, చూపిద్దువుగాని" అని. ఈ పద్ధతిలో ఒక్కటే చిక్కు, ఐదు దాటాక అడగాల్సింది మనమే. ఆవిడ మళ్లీ గుర్తు చేయదు. నాకు అలారం పెట్టుకుంటే తప్ప గుర్తుండదు, అందుకని పెట్టుకుంటాను. నవ్వేవాళ్లు నవ్వుకోండి.