పంది మాంసం ముట్టనివారికి పంది పురుగు జబ్బు

సభలోని పెద్దలకు, పశువైద్య విద్యార్థులకు నమస్కారం.

మూర్ఛతో వచ్చిన రోగి మెదడు స్కాన్‌లో చిన్న నీటితిత్తి కనిపించి, అది పంది బద్దెపురుగు పిల్లదశ అని డాక్టరు చెప్పినప్పుడు, "మా ఇంట్లో మాంసమే వండం కదండీ" అని కుటుంబ సభ్యులు నివ్వెరపోవడం సహజం. ఈ పురుగు పెరిగి పెద్దదయ్యేది పందిలో కాదు, మనిషి పేగులోనే. సరిగా ఉడకని పంది మాంసంలోని తిత్తులను తిన్నవారికి వచ్చేది పేగులో బద్దెపురుగు మాత్రమే; చాలామందికి అది ఉన్నట్టు కూడా తెలియదు. అయితే వారి మలంతో వేలకొద్దీ గుడ్లు బయటపడతాయి. ఆ మలం తిన్న పంది కండరాల్లో తిత్తులు ఏర్పడతాయి. అవే గుడ్లు సరిగా కడగని చేతుల మీదుగానో, మురుగునీటితో పండించిన కొత్తిమీర మీదుగానో మరొకరి నోట్లో పడితే, పిల్లపురుగులు రక్తంలో కలిసి మెదడును చేరతాయి.

పందుల పెంపకందార్లను నిందించడం మనకు అలవాటు. నిజానికి పందికి ఈ జబ్బును అంటించింది మనమే.

ఈ పురుగు పాతుకుపోయిన దేశాల్లో మూర్ఛ కేసుల్లో సుమారు 30 శాతానికి ఇదే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పెరూలోని టుంబెస్ ప్రాంతంలో మనుషులకు ఈ పురుగును చంపే నిక్లోసమైడ్ మందు, పందులకు అలాంటిదే ఆక్స్‌ఫెండజోల్ మందుతోపాటు టీకా కూడా ఇవ్వడంతో 107 గ్రామాల్లో 105 చోట్ల వ్యాప్తి ఆగిందని 2016లో ప్రచురితమైంది. మనిషికీ పందికీ ఒకే పథకం కింద వైద్యం చేయడం అక్కడి విశేషం.

మన దేశంలో 2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛ భారత్‌తో మరుగుదొడ్లు పెరిగాయి, సంతోషమే. కానీ నిండిన సెప్టిక్ ట్యాంకును తోడిన బండి ఆ మురుగును కాలువ గట్టునో పొలంలోనో వదిలేస్తే, తేమనేలలో నెలల తరబడి బతకగల ఆ గుడ్లకు మనమే దారి చూపినట్టు.

రేపు మీరు పంది నాలుక కింద తడిమినప్పుడు తిత్తులు తగిలితే, పందికి మందు వేసి ఊరుకోకండి. ఆ చుట్టుపక్కల ఎవరో ఒకరి కడుపులో పురుగు ఉందని దాని అర్థం. ఆ కబురు అదే రోజు ఆ ఊరి ఆరోగ్య ఉపకేంద్రానికి, పంచాయతీకి చేరాలి.