"ఇంకో చిన్న విషయం, డాక్టరుగారూ"

వాకర్స్ సంఘం మిత్రులకు, వాళ్లతో వచ్చిన అమ్మలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

గ్యాస్ అనో నడుం నొప్పి అనో నా దగ్గరికి వచ్చే మగవాళ్లలో కొందరు మందుల చీటీ తీసుకుని లేస్తారు. తలుపు దాకా వెళ్లి ఆగుతారు. "ఇంకో చిన్న విషయం, డాక్టరుగారూ" అంటారు. అంగం సరిగ్గా గట్టిపడటం లేదని అప్పుడు చెబుతారు. అసలు వచ్చింది దానికోసమే. అప్పటికే ఏడాదో రెండేళ్లో లోలోపల టెన్షన్ పడి ఉంటారు. గోడల మీద 'నరాల బలహీనత' ప్రకటనలు చూసి ఏవో లేహ్యాలు మింగి ఉంటారు. మగతనం పోయిందని కుమిలిపోతున్న మనిషికి నేను ముందు చేసే పని నడుము కొలవడం.

అంగం గట్టిపడటమంటే అందులోకి రక్తం నిండటం. కోరిక కలిగినప్పుడు నరాల నుంచి, రక్తనాళాల లోపలి పొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు విడుదలవుతుంది. దాంతో నాళాలు సడలి రక్తానికి దారి ఇస్తాయి. ఈ వాయువు రక్తనాళాల్లో చేసే పని కనిపెట్టినందుకే 1998లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ వచ్చింది. పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు సరిగ్గా ఆ లోపలి పొరనే దెబ్బతీస్తుంది. పైగా కొవ్వులో అరోమటేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది టెస్టోస్టిరాన్‌ను ఆడ హార్మోనుగా మారుస్తుంది. టెస్టోస్టిరాన్ తగ్గితే కోరిక తగ్గుతుంది, కండ తరుగుతుంది, కొవ్వు మరింత చేరుతుంది.

ఇక్కడ కాస్త శ్రద్ధగా వినండి. అంగానికి రక్తం తెచ్చే ధమని వెడల్పు 1–2 మిల్లీమీటర్లు. గుండె ధమని 3–4 మిల్లీమీటర్లు. పూడిక మొదలైతే సన్నదానికే ముందు తెలుస్తుంది. అందుకే చాలామందిలో గుండెనొప్పి రావడానికి రెండు మూడేళ్ల ముందే పడకగదిలో ఇబ్బంది కనిపిస్తుంది. సిగ్గుపడి దాచుకున్నవాళ్లు ఆ రెండు మూడేళ్లూ పోగొట్టుకుంటారు. నాకు బాధ కలిగించేది అదే. ఎవరికీ చెప్పకుండా మందుల షాపులో వయాగ్రా లాంటి మాత్ర కొని వేసుకోవడం ఇంకా ప్రమాదం. గుండెకు నైట్రేట్ మందులు వాడేవారికి దానివల్ల బీపీ ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోవచ్చు. పిల్లలు కావాలనుకునే కుర్రాళ్లు టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ల జోలికి వెళ్లొద్దు. వాటితో వీర్యకణాల తయారీ ఆగిపోవచ్చు.

మన పళ్లెం చూడండి. అన్నం గుట్టగా, కూర నంజుకోవడానికి, పప్పు పేరుకి. రాత్రి పది దాటాక బిర్యానీ, పక్కన కూల్‌డ్రింక్. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ మగవాళ్లలో నూటికి 30 మందికి పైగా అధిక బరువుతో ఉన్నారు.

ఇది తిరిగి బాగయ్యేదేనా? ఇటలీలో ఈ సమస్య ఉన్న 110 మంది ఊబకాయుల మీద చేసిన పరిశోధన 2004లో వెలువడింది. సగం మందికి తిండి, వ్యాయామం దగ్గరుండి మార్పించారు. మిగతా సగానికి మామూలు సలహాలిచ్చి పంపారు. రెండేళ్లకు మొదటి 55 మందిలో 17 మంది మామూలు స్థితికి వచ్చారు, రెండో 55లో ముగ్గురే. అందరికీ తగ్గలేదు, నిజమే. కానీ వంటింట్లో మొదలయ్యే వైద్యానికి అది తక్కువ ఫలితం కాదు.

టేపు ఇక్కడ బల్ల మీద పెట్టాను. ప్యాంటు సైజు లెక్కలోకి రాదు, ఎందుకంటే దాన్ని పొట్ట కిందికి దించి వేసుకుంటాం. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన కొలవండి. 90 సెంటీమీటర్లు దాటిన మగవాళ్లు షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకోండి. నలుగురిలో అడగడానికి మొహమాటమైతే చీటీ రాసి ఇవ్వండి, పేరు రాయక్కర్లేదు. అన్నిటికీ జవాబు చెప్పాకే వెళ్తాను.