మొదటి తుపాకీ ఏది? కొత్తగా షూటింగ్ నేర్చుకునేవారికి, వారి తల్లిదండ్రులకు చేసిన ప్రసంగ పాఠం

సభకు నమస్కారం.

హైదరాబాదులో పెరిగినవారిలో చాలామంది మొదటిసారి తుపాకీ పట్టుకునేది నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో, బెలూన్ల దుకాణం ముందు. దుకాణదారు గాలి తుపాకీని మధ్యకు విరిచి, ఛర్రా పెట్టి, మూసి, కాల్చడానికి సిద్ధంగా ఉన్నదాన్ని పిల్లవాడి చేతికిస్తాడు. పిల్లవాడు అందుకుంటూనే ట్రిగ్గర్ మీద వేలు వేసి, "నాన్నా, ఇటు చూడు" అని పక్కకు తిరుగుతాడు. అతనితోపాటు గొట్టం కూడా జనం వైపు తిరుగుతుంది. కాల్చడం సాధన చేయించే మా రేంజ్‌లో కొత్తవారి చేత మొదటి నెలంతా మేము మాన్పించేది ఆ రెండు అలవాట్లనే. ప్రతి తుపాకీలోనూ గుండు ఉన్నట్టే భావించాలి, గొట్టం ఎప్పుడూ లక్ష్యం వైపే ఉండాలి, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ బయటే ఉండాలి, లక్ష్యం వెనుక ఏముందో తెలిసి ఉండాలి. ఈ నాలుగు నియమాలనూ ఒక్క పూటలో కంఠస్థం చేయవచ్చు గానీ, అవి చేతికి రావడానికి నెలలు పడుతుంది.

అందుకే "ఏ తుపాకీ కొనమంటారు సార్?" అని అడిగే తల్లిదండ్రులకు నేను మొదట చెప్పేది, మూడు నెలలపాటు ఏదీ కొనవద్దని. శిక్షణ ఇచ్చే రేంజ్‌లలో నేర్చుకునేవారి కోసం తుపాకులు ఉంటాయి. వాటితో మొదలుపెడితే పిల్లలకు రైఫిల్ నప్పుతుందా, పిస్టల్ నప్పుతుందా, అసలు ఈ ఆట మీద ఆసక్తి నిలుస్తుందా అన్నది డబ్బు ఖర్చు కాకముందే తేలిపోతుంది. పుట్టినరోజు కానుకగా తుపాకీని ముందే కొని, ఆ తరువాత శిక్షణకు తీసుకొచ్చినవారిని చాలామందిని చూశాను. ఆ కానుకల్లో సగానికి పైగా పిల్లల భుజానికి బరువైనవే.

కొందరు పెద్దలు నేర్చుకోవడానికే రివాల్వర్ లైసెన్సు తీసుకుంటామంటారు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సుకు 21 ఏళ్లు నిండి ఉండాలి, తగిన కారణం చూపాలి, పోలీసు విచారణ జరగాలి. చట్టం సంగతి అలా ఉంచినా, నేర్చుకునేవారికి అది తగిన ఆయుధం కాదని నా గట్టి అభిప్రాయం. పెద్ద శబ్దానికి, చేతిని తన్నే వెనుదెబ్బకు శరీరం ముందుగానే బెదరడం నేర్చుకుంటుంది. ట్రిగ్గర్ కదిలేలోపే కళ్లు మూతపడతాయి, మణికట్టు కిందికి దిగుతుంది. గుండు పక్కకు పోయింది గురి తప్పడం వల్లనా, బెదురు వల్లనా అన్నది కాల్చినవారికీ తెలియదు, పక్కన నిలబడిన నాకూ తెలియదు. మొదటి తుపాకీకి నేను పెట్టే పరీక్ష ఇదే: అది మన తప్పును కప్పిపుచ్చకుండా చూపించాలి.

ఆ పరీక్షలో నెగ్గేది 10 మీటర్ల పోటీలకు వాడే 4.5 మిల్లీమీటర్ల గాలి తుపాకీ. ఎయిర్ రైఫిల్ లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసం అర మిల్లీమీటరు మాత్రమే, అంటే చుక్కంత. వెనుదెబ్బ దాదాపు ఉండదు కాబట్టి, ట్రిగ్గర్‌ను మెల్లగా లాగడానికి బదులు ఒక్కసారిగా గుంజితే ఆ సంగతి కాగితం మీద వెంటనే కనిపిస్తుంది. పాయింట్ టూ టూ (.22 అంగుళాల) రైఫిల్ తూటా కిలోమీటరున్నర దూరం పోగలదు, దానికి తగిన కట్టుదిట్టమైన రేంజ్ కావాలి. గాలి తుపాకీ పెల్లెట్, అంటే ఛర్రా, అంత దూరం పోదు. అయినా దగ్గరి నుంచి తగిలితే కన్ను పోతుంది కనుక దాన్ని ఆటబొమ్మ అనుకోకూడదు. 4.5 మిల్లీమీటర్ల వ్యాసానికి, 20 జౌల్స్ శక్తికి మించనివాటికి 2016 ఆయుధాల నియమాల ప్రకారం లైసెన్సు అక్కరలేదు. గుర్తింపు పత్రం చూపి, గుర్తింపు పొందిన దుకాణంలో బిల్లుతో కొనాలి.

గాలి తుపాకుల్లోనూ తేడాలున్నాయి. నుమాయిష్‌లో చూసే, మధ్యకు విరిచే స్ప్రింగ్ తుపాకీ చవక, మరమ్మతు తేలిక. అయితే పెల్లెట్ గొట్టం దాటకముందే లోపలి పిస్టన్ ముందుకు వెనక్కు ఊగి తుపాకీని కదిలిస్తుంది. ఆ కదలికను అదుపు చేయడం కొత్తవారికి కష్టం. పెల్లెట్ లేకుండా ఉత్తినే పేలిస్తే దాని సీలు కూడా పాడవుతుంది కాబట్టి, ఇంట్లో ఉత్తుత్తి సాధనకు అది పనికిరాదు. నా మొదటి తుపాకీ అటువంటి పాత సరుకే. విరిచిన గొట్టాన్ని ఎడమచేత్తో పట్టుకోకుండా పెల్లెట్ దోపబోయాను. అరిగిన కొక్కెం జారి గొట్టం ఒక్కసారిగా మూసుకుంది. కుడి బొటనవేలి గోరు మీది గాడి నలభై ఏళ్లయినా పోలేదు. విరిచే తుపాకీలో పెల్లెట్ పెట్టేంతసేపూ రెండో చెయ్యి గొట్టాన్ని వదలకూడదని నేను అంతగా పట్టుబట్టడానికి కారణం అదే.

సిలిండర్‌లో గాలి నింపి వాడే పీసీపీ తుపాకీ ఖరీదైనదే గానీ నిశ్చలంగా పేలుతుంది. పోటీలకు తయారైనవాటిలో ఉత్తుత్తి ట్రిగ్గర్ సాధనకు వేరే అమరిక కూడా ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు తుపాకీ మెరుపు చూడకుండా సిలిండర్ మీద చెక్కిన తేదీ చూడాలి. సుమారు 200 బార్ ఒత్తిడిని భరించే వస్తువు అది. పోటీల్లో దాని ఆయుష్షు గరిష్ఠంగా పదేళ్లు. తొమ్మిదో ఏట చవగ్గా దొరికిందంటే అది చవక కాదు.

రైఫిలా, పిస్టలా అన్నది ఇంట్లో పెద్ద చర్చే అవుతుంది, మన నగరం రెండింటికీ పేరు తెచ్చింది కాబట్టి. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచారు. ఈషా సింగ్ పిస్టల్‌తో ఆసియా క్రీడల పతకాలు తెచ్చారు. నేను మాత్రం చిన్న పిల్లలకు ముందు రైఫిలే ఇస్తాను. బరువు మోయడం ఒక కారణం: పిస్టల్‌ను చాచిన ఒంటిచేత్తో పట్టుకోవాలి, అరవై గుండ్లు కాల్చేసరికి పెద్దవారి భుజమే లాగుతుంది. అంతకన్నా ముఖ్యమైన కారణం భద్రత. పొడుగు గొట్టం పక్కకు తిరిగితే రేంజ్‌లో ఉన్న నలుగురి కంటా పడుతుంది, అది తిరగడానికి సమయమూ పడుతుంది. పిస్టల్ అయితే మణికట్టు తిరిగినంత సులువుగా, పక్క వరుసలోని మనిషి వైపు తిరిగిపోతుంది. గొట్టం ఎటుందన్న స్పృహ రైఫిల్‌తో కుదిరాక పిస్టల్ పట్టుకున్నా ఆలస్యమేమీ కాదు.

తుపాకీ ఒంటికి సరిపోవడం గురించి ఒక సంఘటన చెబుతాను. ఒక అమ్మాయి గుండ్లు రోజూ లక్ష్యానికి ఎడమ పక్కనే చెదురుగా పడుతుండేవి. ఆమె తండ్రి గురి చూసే సైట్ మార్చారు, తరువాత తుపాకీయే మార్చబోయారు. నేను ఆమెను రెండు అరచేతులూ చాచి, వేళ్ల మధ్య చిన్న కిటికీ చేసి, అందులోంచి గోడ గడియారాన్ని చూడమన్నాను. ఎడమకన్ను మూస్తే గడియారం మాయమైంది, కుడికన్ను మూస్తే అలాగే ఉంది. కుడిచేతి వాటం అమ్మాయికి బలమైన కన్ను ఎడమది. ఆమెకు ఎడమ కంటికి అడ్డుగా చిన్న తెల్లని అట్టముక్క కడితే సరిపోయింది. కొనే ముందు ఈ పరీక్ష చేయండి. ఆపైన స్టాక్ (భుజానికి ఆనించే వెనుక భాగం) పొడవు, చెంప ఆనే ఎత్తు చూసుకోండి. మెడ వంచి సైట్‌ను వెతుక్కోవలసి వస్తే ఆ తుపాకీ ఎంత ఖరీదైనదైనా మీది కాదు. పిల్లలు ఎదుగుతారు కనుక ఈ రెండూ మార్చుకునే వీలున్నది మేలు.

ట్రిగ్గర్ విషయంలో సాదా యాంత్రికమైనదే చాలునంటాను. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ అంతటి క్రీడాకారిణికే ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ ఉన్న పిస్టల్ పోటీ మధ్యలో మొరాయించి విలువైన నిమిషాలు పోయాయి. ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ పేలకుండా కనీసం 500 గ్రాముల బరువు మోయాలన్నది పోటీల నియమం. దాన్ని ఇంకా తేలిక చేయించుకోవాలన్న ఆలోచన మొదటి ఏడాది రానివ్వవద్దు.

ఇంట్లో తాళం వేసే పెట్టె లేనివారు తుపాకీ కొనడం వాయిదా వేసుకోండి. పెల్లెట్లు వేరేచోట ఉండాలి, తాళంచెవి పెద్దల దగ్గర ఉండాలి. పెల్లెట్లు సీసంతో చేసినవి కాబట్టి సబ్బుతో చేతులు కడుక్కోకుండా టిఫిన్ డబ్బా తెరవకూడదు.

శనివారం ఉదయం మొదటి తరగతి. చదునైన, గట్టి అడుగున్న బూట్లతో రండి. ఆ రోజు ఎవరి చేతికీ పెల్లెట్ ఇవ్వం. తుపాకీని తెరిచి ఖాళీగా ఉందని పక్కవారికి చూపడం, ఖాళీ అని అందరికీ కనబడేలా గొట్టంలో రంగు దారం దోపడం, లక్ష్యం వైపు గొట్టం ఉంచి బల్ల మీద పెట్టి రెండడుగులు వెనక్కు జరగడం, ఈ మూడే రెండు గంటలూ చేస్తాం. తల్లిదండ్రులు కూడా వరుసలో నిలబడాలి.