రింగు తోక ఎంత వంచాలి?

హోస్ట్: అన్నా మైకు దగ్గరికి కాస్త జరుగు... ఆ చాలు. 2024 డిసెంబర్లో ముండ్లమూరు, తాళ్లూరు పక్క మూడ్రోజులు వరసగా భూమి అదిరింది గదా, మా అత్తోళ్లది ఆ పక్కే, సామాన్లు గలగలమనేసరికి చెప్పుల్లేకుండా బయటికి పరిగెత్తారంట. అప్పట్నించీ నిన్ను అడగాలనుకుంటన్నా, నిజంగా పెద్దదొస్తే మన అపార్ట్‌మెంట్లు నిలబడతయ్యా?

అన్న: అది చిన్నదిలే. 1967 మార్చి 27న ఒంగోలుకి వచ్చింది చూడు, 5.4 తీవ్రత, దాన్ని మా నాయన ఇప్పటికీ చెప్తాడు. భూకంప ప్రమాదాన్ని బట్టి దేశాన్ని జోన్లుగా చేశారే, అందులో మన జిల్లా జోన్ 3 కింద ఉండేది అందుకే. కానీ నేను సైటుకెళ్తే గుజరాత్‌లో వచ్చిన భుజ్ భూకంపం గురించే చెప్తా, ఎందుకంటే అక్కడ పడిపోయినవి అచ్చం మన బిల్డింగుల్లాంటివే.

హోస్ట్: 2001 గదా?

అన్న: జనవరి 26, పొద్దున 8:46. 7.7 తీవ్రత. అది వచ్చింది కచ్‌లో, కానీ అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలినయ్. ఎంత దూరం అనుకున్నావ్, 200 కిలోమీటర్ల పైమాటే, అంటే ఇక్కడ్నించి తిరుపతి పోయినంత దాదాపు. అంత దూరాన ఎందుకు పడ్డయ్ అంటే చాలావాటికి కింద కార్ పార్కింగ్, ఉత్త పిల్లర్లు, గోడల్లేవు. పైన ఫ్లోర్లన్నీ గోడలతో పెట్టెలాగా బిగిసి ఉంటయ్, ఊపు వచ్చినప్పుడు పైదంతా ఒక్క ముక్కలా ఊగుద్ది, వంగేదంతా కింద పిల్లర్లే వంగాల, అయ్యేమో సన్నవి.

హోస్ట్: మన ఒంగోల్లో ఇప్పుడు కట్టేవన్నీ అట్టాంటివే కదన్నా.

అన్న: పార్కింగ్ లేకపోతే ఫ్లాటు కొనరు మరి. పార్కింగ్ తప్పని నేననటంలా, కింద పిల్లర్లు లావుగా పెట్టి అక్కడక్కడ కాంక్రీట్ గోడలు వెయ్యాల. అసలు విషయం ఇంకోటుంది, రింగులు.

హోస్ట్: పిల్లర్ కడ్డీల చుట్టూ వేసేవా?

అన్న: అవే. మొన్న కర్నూలు రోడ్డు వైపు ఓ సైటుకెళ్లా, పేరెందుకులే. కుర్రోడు చెక్కకి మేకులు కొట్టుకుని ఎనిమిది ఎమ్‌ఎమ్ కడ్డీ టకటకా వంచేస్తన్నాడు, చేతి వేగం చూస్తే ముచ్చటేసింది. కానీ చివర రెండు తోకలూ ఎల్ ఆకారంలో, 90 డిగ్రీలకే వదిలేశాడు. పిల్లర్ ఊగినప్పుడు కడ్డీల మీద కప్పినట్టుండే కవర్ కాంక్రీట్ పెచ్చులూడిపోద్ది, దాంతో ఆ తోకలకి పట్టు పోయి రింగు తెరుచుకుంటది, లోపల కంకర బయటికి, నిలువు కడ్డీలు వంకర. భుజ్‌లో ఇదే జరిగింది. తోకని ఇంకాస్త లోపలికి, 135 డిగ్రీలకి వంచి కాంక్రీట్ గుండెలోకి గుచ్చాల, తోక కనీసం 65 ఎమ్‌ఎమ్, అంటే రెండున్నర అంగుళాలుండాల. ఇట్టా 135 డిగ్రీలకి వంచాలని ఐఎస్ 13920లో, అంటే భూకంపాన్ని తట్టుకునే కాంక్రీట్ కట్టడాల రూల్సు పుస్తకంలో, 1993లోనే రాశారబ్బాయ్, భుజ్ కంటే ఎనిమిదేళ్లు ముందు!

హోస్ట్: మరి ఆ కుర్రోడేమన్నాడు?

అన్న: "మేస్త్రి ఇట్టే చెప్పాడు సార్" అన్నాడు. మేస్త్రిని అడిగితే అట్టా వంచితే కడ్డీలకి ఎక్కించటం కష్టం, పని ఆలస్యం అంటాడు. నిజంగానే కష్టం, నేను కాదనను. రింగుల దూరం కూడా అంతే, పైనించి కిందికి ఒకటే ఎనిమిది అంగుళాలు. పిల్లర్ కింద చివర, పై చివర నాలుగు అంగుళాలు దాటకూడదు, దెబ్బ పడేది అక్కడే. బీము పిల్లరూ కలిసేచోట అయితే అసలు రింగులే ఉండవు, కడ్డీల ఇరుకులో చెయ్యి దూరదని వదిలేస్తారు. కడ్డీల అతుకు స్లాబు మీదనే వేస్తారు, అది పిల్లర్ నడిమికి రావాల.

హోస్ట్: ఖర్చెక్కువ అవుద్దా?

అన్న: ఏం ఖర్చయ్యా! అదే ఓనరు హాల్లోకి చీమకుర్తి గెలాక్సీ గ్రానైటే కావాలని పలక పలకా టార్చిలైటేసి చూసుకున్నాడు, రింగు ఒక్కటన్నా చూశాడా? కాంక్రీట్ పోయటానికి పిల్లర్ చుట్టూ బాక్స్ బిగించాక ఎవడికి కనపడద్ది?

హోస్ట్: ...అన్నా, మా ఇంటి పిల్లర్లకి ఎల్లుండి కాంక్రీటు.

అన్న: బాక్సులు బిగించారా?

హోస్ట్: రేప్పొద్దున బిగిస్తారంట.

అన్న: అయితే ఈ రికార్డింగు ఆపు ముందు. మేస్త్రికి ఫోన్ చెయ్యి, నేనొచ్చిందాకా బాక్సు ముట్టుకోవద్దని చెప్పు.