కొబ్బరి మొవ్వుతో అల్లిన విసనకర్ర

శ్రోతలందరికీ నమస్కారం. కరెంటు పోయిందంటే మనలో చాలామందికి తాటాకు విసనకర్రే గుర్తొస్తుంది. ఒక్క ఆకు, దాని మట్టే పిడి, అంచుకి కాస్త గుడ్డ కుట్టేస్తే అయిపోయింది. పసిఫిక్ సముద్రంలో పాలినీసియా దీవులున్నాయి చూడండి, హవాయి నుంచి న్యూజిలాండ్ దాకా, అక్కడ మాత్రం చాలాచోట్ల విసనకర్రని చాప అల్లినట్టు పోచ పోచ కలిపి అల్లుతారు. అసలు కష్టమంతా అల్లడానికి ముందే ఉంది, అదే చెప్పాలని నాకు.

హవాయిలో దీన్ని పేఅహి అంటారు. ఎక్కువగా వాడేది హలా చెట్టు ఆకు, అది మన మొగలి జాతిదే. మొగలి పొదలో చెయ్యి పెట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆకు రెండంచులా ముళ్ళు, మధ్య ఈనె కింద కూడా ముళ్ళే. ఎండిన ఆకులు ఏరి, తుడిచి, ఆ ముళ్ళన్నీ ఒలిచేసి, మెత్తగా సాగదీసి, చుట్టలు చుట్టి దాచుకుంటారు. అల్లే రోజున ఆ చుట్ట విప్పి ఒకే వెడల్పున పోచలుగా చీలుస్తారు. ఒక్క పోచ లావైనా అల్లిక వంకర పోతుంది.

కుక్ దీవుల్లో ఇంకా సున్నితమైన పని. కొబ్బరిచెట్టు నడినెత్తిన ఇంకా విచ్చుకోని మొవ్వు ఆకు తీసి, పైపొర ఒలిచి, ఉడకబెట్టి, ఎండబెడతారు. తెల్లగా, పట్టుదారంలా మెరిసే ఆ నారని రీతో అంటారు, దాంతోనే టోపీలూ విసనకర్రలూ అల్లుతారు. ఇన్ని కొబ్బరితోటలున్న కోనసీమవాళ్ళకి ఈ సంగతి తెలిస్తే బాగుండుననిపించింది నాకు.

ఇక మార్కెసాస్ దీవుల్లో విసనకర్ర పేరు తాహిఈ, అది పెద్దింటివాళ్ళ చేతిలో ఉండే గౌరవ చిహ్నం. చాలా బిగువుగా అల్లి, పగడపురాయి కాల్చి తీసిన సున్నం పూసి తెల్లగా చేసేవారు, మన దగ్గర గుల్లలు కాల్చి సున్నం తీసినట్టన్నమాట. పిడి చెక్కతోనో, ఎముకతోనో చేసి, దానిమీద వీపూ వీపూ ఆనించుకున్న చిన్న చిన్న టీకీ బొమ్మలు, అంటే మనిషి ఆకారంలో ఉండే బొమ్మలు, చెక్కేవారు. 1774లో ఇంగ్లండు నావికుడు కెప్టెన్ కుక్ ఓడ ఆ దీవులకి వెళ్ళింది. తర్వాతి కాలంలో ఇలాంటి విసనకర్రలు ఎన్నో దేశాలు దాటిపోయాయి, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో కూడా ఉన్నాయి.

అలాగని ఇది మ్యూజియం వస్తువైపోలేదు. సమోవాలో విసనకర్రని ఇలి అంటారు. అక్కడ ఆదివారం చర్చికి తెల్లబట్టలు కట్టుకుని వచ్చిన ఆడవాళ్ళు ఒక చేత్తో పాటల పుస్తకం పట్టుకుని, రెండో చేత్తో పక్కనున్న పిల్లలకి ఇలితో విసురుతుంటారు.